ఆకాశంతో పాటు కోసేసిన గుట్ట

ఇప్పుడు ఫోటోలో ఆకాశం మార్చడానికి ఒక్క నొక్కు చాలు. వెలిసిపోయిన ఆకాశం పోయి నీలాకాశం వచ్చి కూర్చుంటుంది, మబ్బులు కూడా వాటంతట అవే సర్దుకుంటాయి. టీ చల్లారేలోపు పని అయిపోతుంది. మా రోజుల్లో ఒక్క భవనానికి ఆకాశం మార్చాలంటే రెండు రోజులు పట్టేది. అందుకని మేం గొప్పవాళ్లమనీ మీరు సోమరులనీ నేననను. రెండు రోజులు వంగి కూర్చుంటే నడుంనొప్పి వస్తుంది తప్ప జ్ఞానం రాదు. నాకు ఈ పనిలో తెలిసివచ్చినవన్నీ తప్పులు చేశాకే తెలిసివచ్చాయి.

ముప్పై ఏళ్లకు పైగా ఫోటోలు దిద్ది, ఈ మధ్యనే పని మానేశాను. మాదాపూర్‌లో ఒక డిజైన్ ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు పిలిచి, "మీ అనుభవాలు చెప్పండి మేడమ్" అన్నారు. గంటసేపు మాట్లాడాను. చప్పట్లు కొట్టారు, శాలువా కప్పారు. ఇంటికొచ్చి ఆలోచించుకుంటే చెప్పినవన్నీ నేను నెగ్గిన కథలే. చెప్పాల్సిన దాన్ని మాత్రం మింగేశాను. అది ఇక్కడ రాస్తున్నాను.

బ్రష్ బల్ల

మాది కూకట్‌పల్లి పాత ఊరు. ఇరవై ఏళ్ల వయసులో నారాయణగూడలోని ఒక ఫోటో స్టూడియోలో రీటచింగ్ పనికి చేరాను. పెళ్లికూతురి మొటిమలు తీసేయడం, పెళ్లికొడుకు నెత్తి మీద నాలుగు వెంట్రుకలు మొలిపించడం, బతికుండగా ఒక్క ఫోటో కూడా తీయించుకోకుండా పోయిన పెద్దాయనకు మూసిన కళ్లు తెరిపించడం, బ్రష్ బల్ల దగ్గర కూర్చుని సన్నటి బ్రష్‌తో నేను చేసే పనులివి. ఆఖరిది అన్నిటికంటే కష్టం. ఇంటివాళ్లు వచ్చి చూసి "అవును, మా నాయనే" అని ఏడిస్తే ఆ రోజు నాకు పండగ. వినడానికి బాగుండదు కానీ అది నిజం.

మా యజమాని సుదర్శన్ సార్. మంచి కన్ను, చెడ్డ నోరు. తొంభైల చివర్లో మాదాపూర్ వైపు బండరాళ్లు పగలగొట్టి అద్దాల భవనాలు కట్టడం మొదలుపెట్టగానే ఆయనకు గాలి ఎటు వీస్తోందో అర్థమైంది. నారాయణగూడ స్టూడియోను తమ్ముడికి వదిలేసి, మాదాపూర్‌లో రెండు గదులు కిరాయికి తీసుకుని, బిల్డర్లకు బ్రోచర్లు చేసే ఆఫీసు పెట్టాడు. కిటికీ తీస్తే దుమ్ము, మూస్తే ఉక్క. ఒక కంప్యూటర్, ఒక స్కానర్ కొన్నాడు.

"రుక్మిణీ, బ్రష్ పట్టుకున్న చెయ్యి మౌస్ పట్టుకోలేదా? నేర్చుకుంటవా?" అని అడిగాడు.

"నేర్చుకుంట సార్."

"నేర్చుకో. లేకుంటే కోర్సు చేసిన పోరగాళ్లు మస్తుమంది తిరుగుతున్నరు."

సుదర్శన్ సార్ ప్రోత్సాహం ఎప్పుడూ అలాగే ఉండేది. నాకప్పుడు ముప్పై రెండేళ్లు. మౌస్ పట్టుకుంటే సబ్బు బిళ్ల పట్టుకున్నట్టు జారిపోయేది. మూడు నెలల్లో లొంగదీశాను. అది నా చేతి గొప్పేమీ కాదు. కన్ను అప్పటికే తయారై ఉంది కాబట్టి చెయ్యి దాని వెనకే వచ్చింది. కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట కూడా అదే. సాఫ్ట్‌వేర్ ఏడాదికోసారి మారుతుంది, కన్ను మారదు. ముందు దాన్ని తయారు చేసుకోండి.

ఒకటే మబ్బు

బిల్డర్లకు బ్రోచర్ దసరాకు కావాలి. అంటే ఫోటో శ్రావణంలో తీయాలి. శ్రావణంలో హైదరాబాద్ ఆకాశం ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఉతికి సరిగ్గా పిండకుండా ఆరేసిన దుప్పటిలా ఉంటుంది. ప్రతి బిల్డరుకూ మాత్రం నీలాకాశం కావాలి. అందుకే నా పనిలో సగం ఆకాశం మార్చడమే అయింది.

ఫోటోలు తీసేది యాదగిరన్న. మేడ్చల్ వైపు మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. స్కూటర్ ముందు కెమెరా పెట్టె, వెనక మూడుకాళ్ల స్టాండు కట్టుకుని ఊరంతా తిరిగేవాడు. తక్కువ మాట్లాడేవాడు. మాట్లాడితే ఎదుటివాడు నవ్వకుండా ఉండలేడు. ఎండాకాలంలో ఆకాశం బాగున్న రోజు చూసి, ప్రగతి నగర్ చెరువు గట్టు మీద నిలబడి ఉత్త మబ్బులనే ఒక రీలంతా తీసి నాకు తెచ్చిచ్చాడు. "చెల్లె, వానకాలం సరిపోను ఆకాశం తెచ్చిన, దాసుకో" అన్నాడు. ఆ నెగెటివ్‌లన్నీ ఒక రేకు డబ్బాలో పెట్టుకున్నాను. మా ఆఫీసులో దాన్ని మబ్బుల డబ్బా అనేవాళ్లం.

అందులో ఒక మబ్బు నాకు మహా ముద్దు. చెవులు నిక్కబొడుచుకుని కూర్చున్న కుందేలులా ఉండేది. కొండాపూర్ బిల్డింగు మీద దాన్ని పెట్టాను. నెల తిరిగాక బాచుపల్లిలో ఇంకొకరి అపార్ట్‌మెంటుకు బ్రోచర్ చేస్తూ, ఎవరు చూస్తారులే అని దాన్నే పెట్టాను. ఆ ఇద్దరు బిల్డర్లూ ఒక పెళ్లిలో పక్కపక్కన కూర్చుని భోంచేశారట. ఇద్దరి సంచుల్లోనూ బ్రోచర్లు ఉన్నాయట. మర్నాడు పొద్దున్నే ఒకాయన ఫోన్ చేసి, "నా కుందేలు ఆయన బిల్డింగు మీదికెట్ల పోయిందయ్యా?" అని సుదర్శన్ సార్‌ను నిలదీశాడు.

సార్ నన్ను పిలిచి, "రుక్మిణీ, ఇంకొక్కసారి గిట్లయితే నిన్ను మళ్ల బ్రష్ బల్ల మీద కూసోబెడ్త. కంప్యూటర్‌కు వేరేటోని తెస్త" అన్నాడు. అప్పుడు నవ్వుకున్నాం కానీ ఆ మాట నేను మర్చిపోలేదు. తర్వాత జరిగినదానికి అది సాకు కాదు. కారణం మాత్రం అదే.

ఆకాశం మార్చడం అబద్ధమా?

ఈ మాట నన్ను చాలామంది అడిగారు. కాదనే నా జవాబు. ఫోటో తీసిన రోజు మబ్బు పట్టడం ఇంటి తప్పు కాదు. ఇల్లు కొనేవాడు ఆకాశాన్ని కొనడు. పెళ్లికూతురు ఆ రోజు మొటిమతో ఉంటే, ఆ మొటిమ ఆల్బమ్‌లో ఎల్లకాలం ఉండాల్సిన పనిలేదు.

అయితే మార్చడం చేతకావాలి. మబ్బు రోజున తీసిన భవనానికి నీడలు ఉండవు. దాని వెనక మిట్టమధ్యాహ్నపు ఆకాశం పెడితే, గోడ మీద అంటించిన పోస్టరులా ఉంటుంది. కిటికీ అద్దాల్లో పాత ఆకాశమే కనిపిస్తూ ఉంటుంది, వాటినీ ఒక్కొక్కటిగా మార్చాలి. పిట్టగోడ అంచు వెంట పాత ఆకాశం తాలూకు తెల్లటి గీత మిగిలిపోతుంది. చెట్టు ఆకుల సందుల్లో అయితే ఇక చెప్పక్కర్లేదు. మేం అంచు పొడవునా మౌస్‌తో ఒక్కొక్క చుక్కే నొక్కుకుంటూ పోయేవాళ్లం. ఒక్క భవనానికి ఐదారువందల చుక్కలు. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి.

ఈ తంటా ఎందుకు చెబుతున్నానంటే, అంచు దగ్గర చిన్నచిన్నవి అడ్డం వస్తుంటాయి. డిష్ యాంటెన్నా, కరెంటు తీగ, దూరాన ఏదో చెట్టు కొమ్మ. విసుగులో వాటిని కూడా ఆకాశంతో పాటే కోసి పారేయబుద్ధి అవుతుంది. ఎవరికీ తెలియదు కూడా.

తొలి వెలుగు

ఇక అసలు విషయం. సత్యనారాయణ గారని ఒక బిల్డర్, భీమవరం వైపు నుంచి వచ్చినాయన. ఖాదీ చొక్కా, నుదుట కుంకుమ, మాట మెత్తన. మాదాపూర్ దాటాక లోపలికి ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంటు కట్టాడు. అది తూర్పు ముఖం భవనం. ఆయన గర్వమంతా దానిలోనే ఉంది. "ప్రతి గుమ్మంలోకీ తొలి వెలుగు" అని బ్రోచర్‌కు మాట కూడా ఆయనే రాసిచ్చాడు. అది అయ్యాక ఇంకో మూడు చోట్ల కట్టబోతున్నాడు. ఆ ఏడాది ఫోటోలన్నీ యాదగిరన్నకే ఇస్తానన్నాడు. ఆ మాట నమ్ముకుని యాదగిరన్న ఆ సీజన్ పెళ్లిళ్లన్నీ వేరేవాళ్లకు వదిలేశాడు.

శ్రావణంలో ఒక పొద్దున యాదగిరన్న వెళ్లి భవనం ఫోటో తీసుకొచ్చాడు. ఒక్క నెగెటివ్ ఎంపిక చేసి నా చేతికిచ్చాడు. ఎప్పుడూ అంతే, నెగెటివ్ నా దగ్గర వదిలేసి పోయేవాడు, పనైపోయి నేను కబురు పెడితే వచ్చి తీసుకెళ్లేవాడు. ఫోటో శుభ్రంగా ఉంది. ఆకాశం ఒకటే మసక. భవనం వెనక కుడి పక్కన, పిట్టగోడ పైకి ఒక రాళ్లగుట్ట తల కొంచెం కనిపిస్తోంది. ఆ గుట్ట అంచు ఎగుడుదిగుడు, దాని మీద పొదలు. దాన్ని చుట్టి చుక్కలు నొక్కాలంటే ఇంకో పూట పట్టేట్టుంది. ఆకాశంతో పాటే కోసేశాను.

"తొలి వెలుగు" అన్నారు కదా అని, సార్ కొన్న ఫోటోల సీడీలోంచి ఎక్కడిదో ఏ దేశానిదో ఒక సూర్యోదయం తీసి భవనం వెనక పెట్టాను. నారింజ రంగు ఆకాశం, పిట్టగోడ వెనక నుంచి పైకొస్తున్న సూర్యుడు. వెలుగు వెనక నుంచి వస్తోంది కాబట్టి భవనం ముందు భాగాన్ని కొంచెం చీకటి చేశాను. అంచులకు బంగారు రంగు పూశాను. అంత అందంగా అంతకుముందు ఏదీ చేయలేదు. సార్ చూసి, జీవితంలో మొదటిసారి, "బాగుంది" అన్నాడు. సత్యనారాయణ గారు బ్రోచర్‌ను కళ్లకద్దుకున్నాడు. అంతమందిమి చూశాం. ఒక్కరికీ తట్టలేదు.

ఇళ్ల ఎగ్జిబిషన్‌లో ఆయన స్టాలుకు సిద్దిపేట నుంచి ఒక పెద్దావిడ కొడుకుతో వచ్చిందట. కళ్లజోడు సర్దుకుని బ్రోచర్ చూసి, "కొడుకా, సూర్యుడు ఇంటెనకాల పొడుస్తుండు. గిది పడమటి ఇల్లు. తూర్పు ఇల్లని అమ్ముతున్నరు" అని అక్కడే పైకి అనేసిందట. స్టాలు ముందున్న జనమంతా చేతిలో బ్రోచర్లు తిప్పి తిప్పి చూసుకున్నారు. మనవాళ్లు గచ్చులో పగులును క్షమిస్తారు కానీ దిక్కు విషయంలో అబద్ధాన్ని క్షమించరు. సాయంత్రానికి ఆ మాట ఎగ్జిబిషనంతా పాకింది. తీసుకుంటామన్న వాళ్లు కూడా ఆలోచించుకుని చెబుతామన్నారు.

ఆ భవనానికి రోడ్డు వైపూ వెనక సందు వైపూ ఒకే రకం బాల్కనీలు. గేటు ఇంకా పెట్టలేదు. అందుకని సత్యనారాయణ గారు, ఫోటో తీసినాయన వెనక సందులో నిలబడి వెనక వైపు ఫోటో తీసుకొచ్చాడని అనుకున్నాడు. అప్పట్లో మేం ఆకాశం మార్చామని బిల్డర్లకు చెప్పేవాళ్లం కాదు. వాళ్ల దృష్టిలో ఫోటోలో సూర్యుడుంటే అక్కడ సూర్యుడున్నట్టే.

నాలుగు రోజులు

సత్యనారాయణ గారు ఇదంతా సార్‌కు ఫోన్‌లో చెప్పి పెట్టేశాక, సార్ నా బల్ల దగ్గరికొచ్చాడు.

"రుక్మిణీ, నిజం చెప్పు. ఆ సూర్యుణ్ణి నువ్వే పెట్టినవా, ఫోటోల ముందుగాలనే ఉండెనా?"

నాకు బ్రష్ బల్ల కళ్ల ముందు కనబడింది. "ఆ మూలకు కొంచెం వెలుగుండె సార్. నేను దాన్నే పెంచిన" అన్నాను.

ఒక్క వాక్యం. దాంతో లెక్క తేలిపోయింది. పొద్దున తీసిన ఫోటోలో భవనం వెనక వెలుగుందంటే వెనక ఉన్నది తూర్పు. అంటే యాదగిరి తీసింది పడమటి వైపు, అంటే సందు వైపు. సార్‌కు నా మాట మీద పదేళ్ల నమ్మకం. మళ్లీ అడగలేదు.

యాదగిరన్నను పిలిపించాడు. ఆయన తెల్లబోయాడు.

"ఆ పొద్దు సూర్యుడే లేడు సార్, మబ్బు పట్టి ఉండె. నేను రోడ్డు మీదనే నిలబడి తీసిన."

"వెలుగుండెనని రుక్మిణి చెప్తున్నది."

ఆయన నా వైపు తిరిగి చూశాడు. నేను తెర వైపు చూస్తూ ఉన్నాను.

"సరే సార్, నెగెటివ్ తీసి సూడున్రి. ముందల్నుంచి తీస్తే వెనక గుట్ట వస్తది. సందుల నుంచి తీస్తే గుట్ట నా వీపెనక ఉంటది, ఫోటోల రాదు. గంతే కదా."

"నెగెటివ్ ఏది?" అని సార్ నన్నడిగాడు.

అది నా మోకాలి పక్కన సొరుగులో ఉంది. "ప్రెస్సుకు పోయింది సార్, ఫైళ్లతో పాటు" అన్నాను.

మొదటి అబద్ధం భయంతో నోరు జారింది. రెండోది అలా కాదు, తెలిసి ఆడాను. ఈ రెండింటికీ తేడా ఉందని నేను ఇప్పటికీ నమ్ముతాను. ఒరిజినల్ స్కాన్ దాచుకునేంత చోటు అప్పటి కంప్యూటర్లలో ఉండేది కాదు, దాని మీదే పనిచేసేవాళ్లం. అంటే యాదగిరన్న నిజం చెబుతున్నాడనడానికి ప్రపంచంలో ఉన్న రుజువు ఆ ఒక్క నెగెటివ్వే. దాని మీద సొరుగు మూసి కూర్చున్నాను.

"మళ్ల పోయి తీసుకొస్త సార్" అన్నాడాయన.

"ఇప్పుడు ముందల్నుంచి తీస్తే అప్పుడు తీసినట్టయితదా?" అన్నాడు సార్.

సత్యనారాయణ గారు మిగతా మూడు చోట్ల పనీ వేరేవాళ్లకు ఇచ్చేస్తానని కబురు పెట్టాడు. రెండు రోజుల్లో ఆ కథ కలర్ ల్యాబుల దాకా పోయింది. ఊళ్లో ఫోటోగ్రాఫర్లందరూ పూటకోసారి కలిసే చోటది. "ఏంది యాదగిరన్నా, ఇగ కెమెరాతోని దిక్సూచి గూడ పెట్టుకో" అని ఆటపట్టించారట. వాళ్లకది నవ్వులాట. ఆయనకు మాత్రం బువ్వ పెట్టే పేరు. పెళ్లిళ్లు ఎటూ వదులుకున్నాడు, బిల్డర్లలో ఈ మాట పాకితే ఇంకెవరు పిలుస్తారు?

నేను నోరు తెరవలేదు. ఈ వారం గడిస్తే అందరూ మర్చిపోతారనుకున్నాను. తప్పు చేసిన ప్రతివాళ్లూ అనుకునేదే అది.

నాలుగో రోజు మధ్యాహ్నం యాదగిరన్న వచ్చాడు. చొక్కా అంతా ప్రెస్సు దుమ్ము. నా బల్ల ముందు స్టూలు మీద కూర్చుని మంచినీళ్లడిగాడు. తాగి, "చిక్కడపల్లి ప్రెస్సుకు పోయిన చెల్లె. పొద్దటిసంది వాళ్ల కవర్లన్నీ ఒక్కొక్కటి ఇప్పి సూసిన. దొరకలే" అన్నాడు.

నేను ఖాళీ గ్లాసు అందుకున్నాను.

"నువ్వు పరేషాన్ గాకు. పోయింది నీ చేతుల పోలే కదా. వాళ్లే ఏడనో పడేసిన్రు. రేపు మళ్ల పోయి సూస్త."

ఆయన నాకు ధైర్యం చెబుతున్నాడు. నేను దాచిన దానికోసం ఒక పూటంతా దుమ్ములో వెతికి, దొరకనందుకు నేనెక్కడ బాధపడతానో అని నన్ను ఓదారుస్తున్నాడు. అంత సిగ్గు నాకు అంతకుముందు లేదు, ఆ తర్వాత కూడా లేదు.

"ఇదిగో, ఇప్పుడే దొరికింది" అందామని నాలుక చివరి దాకా వచ్చింది. అలా అంటే అందరూ బాగుండేవాళ్లు. ఆయన పేరు నిలబడేది, నా కుర్చీ నిలబడేది. ఎందుకో అనలేకపోయాను. సొరుగు తీసి కవరు ఆయన ముందు పెట్టాను.

"ఇక్కడనే ఉండె అన్నా. మొదటిసంది ఇక్కడనే ఉండె. వెలుగు గూడ లేకుండె. సూర్యుణ్ణి నేనే పెట్టిన."

ఆయన కవరులోంచి నెగెటివ్ తీసి, కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని చూశాడు.

"గుట్ట ఉన్నది" అన్నాడు. తర్వాత లేచి నిలబడి, "పా. సార్‌కు నువ్వే చెప్పు" అన్నాడు.

గుట్ట

సార్‌కు చెప్పాను. ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. మర్నాడు సత్యనారాయణ గారిని పిలిపించి, నెగెటివ్ నుంచి ఏ దిద్దుబాటూ లేకుండా పెద్ద ప్రింటు తీయించి ఆయన ముందు పెట్టాడు. యాదగిరన్న గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అందరి ముందూ మళ్లీ నేనే చెప్పాను. మసక ఆకాశం నాకు నచ్చలేదని, సూర్యుణ్ణి పెట్టానని, భయపడి తప్పు ఫోటోగ్రాఫర్ మీదికి పోనిచ్చానని.

సత్యనారాయణ గారు ప్రింటును దగ్గరకు లాక్కుని, పిట్టగోడ పక్కన వేలు పెట్టాడు.

"ఇదేంటమ్మా?"

"గుట్ట అండీ. అడ్డంగా ఉందని తీసేశాను."

"అడ్డంగానా!" మొదటిసారి ఆయన గొంతు లేచింది. "పడమర ఎత్తుండాలి, తూర్పు పల్లముండాలి. పడమట అలాంటి గుట్ట ఉన్న స్థలం కోసం ఏడాదిపాటు తిరిగానమ్మా నేను. ఆ గుట్టను చూసే ఆ స్థలం తీసుకున్నాను. మీరు లేని సూర్యుణ్ణి తెచ్చిపెట్టారు, సరే. ఉన్న గుట్టను తీసేయడమేంటండీ?"

ఆయన యాదగిరన్న వైపు తిరిగి చేతులు జోడించాడు. "మీ మాట వినకుండా తొందరపడ్డానండీ. మిగతా మూడు చోట్లా మీరే తియ్యాలి" అన్నాడు. పెద్దమనిషి. తప్పని తెలిశాక నిమిషం కూడా సాగదీయలేదు.

సార్ నన్ను పనిలోంచి తీసేయలేదు. అన్నట్టే తమ్ముడి స్టూడియోలో బ్రష్ బల్ల మీద కూర్చోబెట్టాడు, రెండు నెలలు. అది న్యాయమేనని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను. ఆయన తప్పులు కూడా రెండున్నాయి. ఒరిజినల్ చూడకుండా బ్రోచర్‌కు సరే అన్నాడు, ఒక మనిషి మాట విని ఇంకో మనిషిని దోషిని చేశాడు. మీరు ఎప్పుడైనా పైకుర్చీలో కూర్చుంటే ఈ రెండూ చేయకండి.

అయితే బ్రష్ బల్లకు వెళ్లే ముందు ఆ బ్రోచర్ నేనే మళ్లీ చేస్తానని పట్టుబట్టాను. గుట్టను పొదలతో సహా ఉంచాను, పూటన్నర పట్టింది. మబ్బుల డబ్బాలోంచి మామూలు నీలాకాశం, రెండు తెల్లమబ్బులు. సూర్యుడు లేడు. ఎగ్జిబిషన్ ఆఖరి రోజుల్లో జనం ఆ బ్రోచర్ చూసి ముందు వేలు పెట్టింది ఆ గుట్ట మీదేనని సత్యనారాయణ గారే చెప్పాడు.

ఆ తర్వాత ఏ భవనం ఫోటో వచ్చినా, ఇది ఎటు చూస్తూ తీసింది అని అడగకుండా ఆకాశం జోలికి పోలేదు. అడిగి, కవరు మీద బాణం గుర్తు గీసి దిక్కు రాసుకునేదాన్ని. ఒరిజినల్ ప్రింటు ఒకటి తెర పక్కన పిన్నుతో గుచ్చుకునేదాన్ని, దాంట్లో ఉన్నది దీంట్లో లేకపోతే ఎందుకు లేదో నాకు నేను జవాబు చెప్పుకోవాలి. బిల్డర్లకు కూడా, ఆకాశం మార్చామని ముందే చెప్పడం మొదలుపెట్టాం. ఒక్కరూ వద్దనలేదు. దాచడం అనవసరమని తేలింది. ఆ పద్ధతి వల్ల తర్వాత ఇరవై ఏళ్లకు పైగా నా చేతి నుంచి వెళ్లిన ఏ భవనం మీదా మాట రాలేదు. ఇది గొప్పకే చెబుతున్నాను.

యాదగిరన్న

మా ఇద్దరి మధ్యా మాటలు పోలేదు. రెండు నెలల తర్వాత నేను కంప్యూటర్ దగ్గరికి తిరిగొచ్చిన రోజున ఇరానీ హోటల్ నుంచి సమోసాలు కట్టించుకుని తెచ్చాడు. నన్ను చెల్లె అనడం మానలేదు. కలర్ ల్యాబులో ఎవరైనా నా గురించి మాట జారితే, "పోనియ్యి, తనంతట తనే చెప్పింది కదా" అనేవాడట. వాళ్ల బిడ్డ పెళ్లికి ముందు వరసలో కూర్చోబెట్టాడు.

క్షమాపణ కూడా ఒకసారి అడిగాను. "సూర్యుణ్ణి పెట్టుడు ఎవరైనా చేస్తరు చెల్లె. నేను గూడ చేస్తుంటి" అన్నాడు. నెగెటివ్ గురించి ఏమీ అనలేదు.

కానీ అంతకుముందులా నెగెటివ్ నా దగ్గర వదిలి వెళ్లడం మాత్రం మానేశాడు. తెచ్చేవాడు, నేను స్కాన్ చేస్తున్నంతసేపూ స్టూలు మీద కూర్చునేవాడు, అయ్యాక కవరులో పెట్టుకుని జేబులో వేసుకునేవాడు. మొదట్లో తొందర పనులేమో అనుకున్నాను. తర్వాత అర్థమైంది. సినిమా కబుర్లు, పిల్లల చదువులు, మోకాళ్ల నొప్పులు, అన్నీ ఆ స్టూలు మీద కూర్చుని మాట్లాడేవాడు. చేతిలో టీ గ్లాసు, చూపు స్కానర్ మీద.

ఫిల్ములు పోయి డిజిటల్ కెమెరాలు వచ్చాయి. నెగెటివ్ అనే వస్తువే లేకుండా పోయింది. ఆయనకు వయసు మీద పడింది, స్కూటర్ మానేసి ఆటోలో వచ్చేవాడు. పని మానేసే ముందు ఆఖరిసారి వచ్చినప్పుడు, కెమెరాలోంచి గోరంత మెమరీ కార్డు తీసి నా చేతిలో పెట్టాడు. బయట వాన పట్టేట్టుంది. ఫైళ్లు ఎక్కువ, కాపీ అవడానికి చాలాసేపు పడుతుంది.

"అన్నా, వాన రాకముందే ఇంటికి పో. కార్డు నేను రేపు పంపిస్త" అన్నాను.

"పర్వాలేదు చెల్లె" అని స్టూలు దగ్గరకు జరుపుకున్నాడు. "కూసుంట."